రొట్టెల బట్టీలో కరిగిన పూసలు

ఒబ్దూలియా చేతులు చూస్తే ఎవరింట్లోనో వంటమనిషి అనుకుంటారు. వేళ్ళ కొసలు కాలి కాలి నున్నగా మెరుస్తుంటాయి. వంటమనిషీ కాదు, పాడూ కాదు. ప్లాస్టిక్ పూసలు కరిగించి బిళ్ళలు చేసుద్ది. ఆ బిళ్ళకి దారం కట్టి కిటికీలో వేలాడేస్తే, పొద్దున ఎండ పడ్డప్పుడు నేల మీద ఎరుపూ పచ్చా నీలం మరకలు పడతాయి. మా పేటలో ఆ బిళ్ళ లేని ఇల్లు లేదు. మా ఇంట్లో ఉన్నది కోడిపుంజంట. పుంజని ఆమె అంటది. నాకైతే ముక్కు మొలిచిన గుమ్మడికాయ లాగా కనబడిద్ది. అయినా వేలాడేశా. పిల్ల మనసు నొచ్చుకుంటదని కాదు, పొద్దున్నే ఆ ఎర్ర మరక నా కాళ్ళ మీద పడితే బాగుంటది కాబట్టి.

పిల్ల అన్నా గానీ నలభై దాటినాయి. పెళ్ళి చేసుకోలా. అడిగినోళ్ళు లేక కాదు. వాళ్ళమ్మ క్రిస్పీనాని ఎవరు చూస్తారని ఉండిపోయింది.

క్రిస్పీనా నా ఈడుది. ఇద్దరం కలిసి ఏటి నుంచి నీళ్ళు మోసినోళ్ళం. చక్కెర జబ్బొచ్చి ఆమెకి కళ్ళు పోయినాయి. చానా ఏళ్ళయింది. కళ్ళు మూసుకుపోయినాక ముక్కు తెరుచుకుంది ఆమెకి. నేను వీధి మలుపు తిరగకముందే, "ఎలోదియా వస్తంది. ఇవాళ చిక్కుడు గింజలు మాడ్చింది," అనేది. మాడ్చి ఉండేదాన్ని, ఏం చెప్తా ఇంక. ఒకసారి పాదిరిగారు చూడ్డానికొస్తే, "ఏం సామీ, ఇవాళ పూజ అవ్వకముందే చుక్కేసుకున్నారా?" అంది. ఆయన చానాళ్ళు ఆ వీధి మొకం చూళ్ళా.

ఈ పూసల పని ఎట్టా మొదలైందో చెప్తా. ఒబ్దూలియా ఒకనాడు మొక్కజొన్న రొట్టెలు కాలుస్తంటే చేతికున్న పూసల దండ తెగి పెనం మీద పడింది. తీద్దామనేలోపు పూసలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని పువ్వులాగా పరుచుకున్నాయి. నేనైతే పెనం పాడైందని ఏడుద్దును. ఆ పిల్ల కత్తితో పువ్వుని ఊడదీసి, గుమ్మంలోకెళ్ళి వెలుతురుకి పట్టి చూస్తా నిలబడిపోయింది. రొట్టె కూడా మాడింది. లోపల చాప మీద నుంచి వాళ్ళమ్మ, "ఏందే ఆ కంపు? ఏం తగలబెట్టావే?" అని ఒకటే అరుపు. ఆ విద్యకి వచ్చిన మొదటి మెప్పు అది.

పెనం మీద చేస్తే కింద మాడిద్ది, పైన గట్టిగా ఉంటది. నాలుగు పక్కలా సమంగా వేడి తగలాలి. అందుకని రొట్టెల బట్టీ పట్టింది. ఆ ఇంటికీ మెలితోన్ బట్టీకీ నడుమ ఒకటే గోడ. మెలితోన్ ఈ పేటకంతా రొట్టెలు కాల్చేవాడు. మంచోడు, మెత్తనోడు. పెళ్ళాం రుఫీనా ఎదురుగా ఉంటే మాత్రం వట్టి పిండిముద్ద. ఆయన ఒప్పుకున్నది ఎట్టాగంటే: శనివారం ఆఖరి రొట్టెలు తీశాక, బట్టీ చల్లారతా ఉన్నప్పుడు పెట్టుకోవాలి. ఆదివారం నిప్పెయ్యడు, తలుపు బార్లా తీసి ఉంచుతాడు, సోమవారానికి వాసన పోయిద్ది. అట్టా ఏళ్ళ తరబడి జరిగింది. ఒక్క రొట్టెకి కూడా వాసన అంటలా. రుఫీనా మాత్రం ప్రతి సోమవారం మొదటి రొట్టె విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ దొరక్క మొకం మాడ్చుకునేది.

పూసలు పోసేది పిల్లలాడుకునే అచ్చుల్లో, చేపల డబ్బా మూతల్లో. ఎందులోనైనా ఒక్క వరసే పరవాలి. బట్టీ మూతి దగ్గర కూర్చుని కన్నార్పకుండా చూడాలి. పూస అంచు కుంగి పక్క పూసని అంటుకోగానే తీసెయ్యాలి. ఇంకాసేపుంటే బుడగలొస్తాయి, ఆపైన ఉంటే పొగే. ఒబ్దూలియాకి ఆ క్షణం తెలుసు.

పూసలు ఏరి పెట్టేది క్రిస్పీనా. గుండ్రటివి ఒక సీసాలో, కోల పూసలు ఒక సీసాలో, పగిలినవి కిందికి. వేళ్ళతో తడిమి ఏరేది. రంగు వేళ్ళకి తెలవదు కదా, అందుకని ప్రతి పూసకీ అడిగేది.

"ఇదేం రంగే?"

"దానిమ్మ గింజమ్మా."

"ఇది?"

"లేత నాగజెముడు ఆకు."

"మరిది?"

"కోపమొచ్చినప్పుడు రుఫీనా పిన్ని చెవులు."

గోడవతల నుంచి రుఫీనా, "వినబడతంది!" అని కేక. క్రిస్పీనా నవ్వు ఆపుకోలేక సీసా ఒలకబోసుకునేది. మళ్ళా మొదటి నుంచి ఏరటం.

ఆ క్రిస్పీనా జనవరిలో ముగ్గురు రాజుల పండగ వెళ్ళిన వారంలో పోయింది. నిద్దట్లో పోయింది. దానికేం, మంచి చావు. కానీ ఒబ్దూలియాకి ఒకటే దిగులు పట్టుకుంది. "సగం పని అమ్మదే పెద్దమ్మా. ఒక్క బిళ్ళ కూడా చూడకుండా పోయింది," అని. ఎన్నిసార్లని చెప్పేది! వీధి చీపురు పట్టుకుని నేను బయటికొస్తే చాలు, ఇదే మాట.

పెద్దల పండగ దగ్గరపడే కొద్దీ ఆ పిల్ల ఇంకా ఇదైపోయింది. మొదటి ఏడు కదా. పోయినోళ్ళు ప్రతి ఏడూ వస్తారుగానీ మొదటి ఏడు రావటం వేరు. అప్పటికి దారి అలవాటు ఉండదు. అందుకని వీధి గుమ్మం నుంచి వాళ్ళకి పెట్టే పళ్ళేల దాకా బంతిపూలు చల్లాలి, చెరుకు గడలతో పందిరెయ్యాలి, కోపాల్ సాంబ్రాణి పొగ ఆగకూడదు. మొకం బొమ్మ గుచ్చిన గుడ్ల రొట్టె ఉండాలి, నల్ల మోలె కూర ఉండాలి, చాక్లెట్ నురగ తేలాలి. పోయినోళ్ళు నోటితో తినరు. నోరు మట్టిలోనే ఉండిపోయింది కదా. వాసన తింటారు. కూరలో ఉన్న వాసనంతా లాక్కుని పోతారు, వట్టి పిప్పి మనకి మిగిలిద్ది.

ఒకరోజు నేను మిరపకాయలు ఎండబోస్తంటే వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, అమ్మకి ఇప్పుడు కళ్ళొచ్చుంటాయి కదా?"

"ఎవరు చెప్పారే?"

"పాదిరిగారు. అక్కడ గుడ్డోళ్ళు చూస్తారంట, కుంటోళ్ళు నడుస్తారంట."

"అక్కడ సంగతి నాకు తెలవదు. ఇక్కడికొచ్చేటప్పుడు మాత్రం ఎట్టా పోయినోళ్ళు అట్టానే వస్తారు. మా మామకి కుడికాలు ఈడ్పు. ప్రతి పండక్కీ మా గుమ్మంలో బంతిపూలు ఒక పక్కే చెదిరి ఉంటాయి. ఆ కాలే మరి."

"కోళ్ళు కెలికుంటాయి పెద్దమ్మా."

"మా మామని కోడంటావే?"

నవ్వింది గానీ వదల్లా. పెద్ద బిళ్ళ చేస్తానంది. రొట్టెల రేకంత పెద్దది. వాళ్ళమ్మ ఆఖరున ఏరిన సీసాలు అట్టానే దాచిందంట, ఆ పూసలన్నీ పోసి చేసుద్దంట. చెరుకు పందిరికి కట్టి వెనకాల కొవ్వొత్తులు పెడితే, గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ రంగులు వాళ్ళమ్మ కళ్ళబడాలంట.

"నీ పిచ్చిగానీ, మీ అమ్మ ముక్కుతో బతికిన మనిషి. ముక్కుతోనే వచ్చిద్ది. కూర మీదా రొట్టె మీదా పెట్టు నీ ధ్యాస," అన్నా.

"రెండూ పెడతా. కళ్ళుంటే కళ్ళకి, లేకపోతే ముక్కుకి," అంది.

ఆ మాట తప్పని అనలేకపోయా.

పండగ వారం బట్టీ చల్లారదు. ఆ సంగతి మా పేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఎవరి గుడ్లు వాళ్ళు, ఎవరి పిండి వాళ్ళు, ఎవరి పంది కొవ్వు వాళ్ళు తెచ్చుకుని మెలితోన్ వాకిట్లో వరసగా కూర్చుంటాం. ఒకళ్ళ తరవాత ఒకళ్ళకి పిసికి, మొకం బొమ్మలు గుచ్చి, కాల్చి ఇస్తాడు. శనివారం లేదు, ఆదివారం లేదు. ఒబ్దూలియా బట్టీ ఖాళీ అవుద్దేమోనని చూస్తానే ఉంది. అవ్వలా. పండగ రేపనంగా పొద్దున్నే రేకు ఎత్తుకుని వచ్చేసింది. నిండా పూసలు. నిజం చెప్పాలంటే అది చూసి నా నోరు కూడా మూతపడింది. నడుమ పెద్ద బంతిపువ్వు, చుట్టూ ఆకులు, అంచున నీలం. ఇంకా కరగకముందే అంత బాగుంది.

నేను గుడ్ల బుట్ట ఒళ్ళో పెట్టుకుని వరసలోనే ఉన్నా. అంతా నా కళ్ళ ముందే జరిగింది. రుఫీనా ఇంట్లో పిండి జల్లిస్తంది. ఒక వాయి బయటికి తీశాడు మెలితోన్. ఇంకో వాయి పలకల మీద పొంగతా ఉంది.

"బాబాయ్, ఈ సందులో ఒక్కసారి," అందీ పిల్ల.

"ఇప్పుడా! నిప్పు చూశావా తల్లీ? చెయ్యి పెడితే వెంట్రుకలు కాలతాయి."

"లోపలికి తొయ్యను బాబాయ్. మూతి దగ్గరే పెడతా. అమ్మ కోసం."

అమ్మ కోసం అంటే ఆయన ఏమంటాడు? "నేను చూళ్ళా. చాక్లెట్ తాగొస్తా," అని లోపలికి పోయాడు. మెత్తనోడని చెప్పా కదా.

రేకు మూతి దగ్గరే పెట్టింది. కూర్చుని చూస్తానే ఉంది. చిన్న మూతలకి తెలిసిన క్షణం వేరు, అంత రేకుకి వేరు. బట్టీ చల్లారేటప్పటి వేడి వేరు, నిండు మంట మీద ఉన్నప్పటిది వేరు. ఒక పక్క పూసలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి, రెండో పక్క నీళ్ళైపోతన్నాయి. ఈలోపు ఠంగుమని శబ్దం. పలచటి రేకు, వేడికి మెలితిరిగింది. కరిగిందంతా ఒక మూలకి పరుగెత్తి, అంచు దాటి, ఇటుకల మీదికి పోయింది.

భగ్గున అంటుకుంది. నల్లటి పొగ, తాడులాగా.

ఒబ్దూలియా తెడ్డు కూడా పట్టుకోలా. వట్టి చేతులతో రేకు లాగింది. మండే ప్లాస్టిక్ వేళ్ళ మీద కారింది. ఎవరో నీళ్ళ బిందె ఎత్తారు. రుఫీనా పరుగెత్తుకొచ్చి, "పొయ్యొద్దు! ఇటుకలు పగిలిపోతాయి!" అని బిందె లాక్కుంది. అందరం అట్టా నిలబడి చూస్తా ఉన్నాం. చెయ్యటానికేముంది? అది కాలినంతసేపు కాలింది. ఇటుకలు తాగినంత తాగినాయి.

చల్లబడ్డాక మెలితోన్ గోకాడు, గీకాడు. ఒక రొట్టె పెట్టి చూద్దామన్నాడు. ఎన్‌కార్నసియోన్ పిండి అది, ఆమెని మేం చోనా అంటాం. రొట్టె బంగారం లాగా వచ్చింది. మొకం బొమ్మ కూడా నవ్వుతానే ఉంది. విరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకిచ్చింది. నేను వాసన చూసి పక్కదానికిచ్చా. తగలబడ్డ చెప్పు వాసన.

"మా ఆయన బతికున్నప్పుడే నా వంటకి నూటొక్క వంకలు పెట్టేవాడు. ఇది పెడితే సమాధిలోంచి తిడతాడు," అంది చోనా. ఒకళ్ళిద్దరు నవ్వారు గానీ నవ్వు నిలబడలా.

రుఫీనా నవ్వలా. పోయి ఒబ్దూలియాకి ఎదురుగా నిలబడింది. ఆ పిల్ల బొబ్బలెక్కిన చేతులు గాల్లో పట్టుకుని ఉంది.

"నీకు పోయింది ఒక్క మనిషే! మాకు ఇళ్ళనిండా ఉన్నారే! మా అమ్మ వచ్చిద్ది, మా నాన్న వస్తాడు, నా కడుపున పుట్టి పోయిన బిడ్డలొస్తారు. ఏం పెట్టమంటావే వాళ్ళకి? నీ పూసలు పెట్టమంటావా?"

"పిన్నీ..."

"పిన్నీ లేదు, గిన్నీ లేదు! పో ఇక్కడి నుంచి!"

రుఫీనాని తప్పనలేను. బిడ్డలు పోయిన తల్లి, ఏడాదికొక్కసారి వస్తారు వాళ్ళు. ఒబ్దూలియాని తిట్టడానికీ నోరు రాలా. నాకు నోరు రాకపోవటం మా పేటలో అదే మొదటిసారి.

పిండి పాడవకముందే గంపలెత్తుకుని అందరం కింది పేట బట్టీకి పరిగెత్తాం. అక్కడ వాళ్ళ వరసే వీధి చివర దాకా ఉంది. కాళ్ళావేళ్ళా పడితే కొందరివి కాల్చారు, కొందరివి పులిసిపోయినాయి. నాకు నాలుగు రొట్టెలు దక్కినాయి. చోనాకి ఏమీ దొరకలా, పెనం మీద ఏదో తిప్పలు పడింది.

మెలితోన్ ఏం చేశాడంటే, కంపు కాలిపోవాలని బట్టీ నిండా మెస్కీట్ దుంగలు వేసి రోజంతా మండించాడు. ఆయనకి తెలిసింది అదే. ఇటుకలు తాగిందంతా పొగై బయటికొచ్చింది. గాలి అటే వీచింది. పొగంతా ఒబ్దూలియా పెంకుల్లోకి దూరింది. నడుమ గోడ వేడెక్కి చెమట పట్టినట్టు కంపు ఊరతా ఉంది. పండగ పొద్దున ఆ ఇంట్లో అడుగు పెడితే నా కళ్ళెంట నీళ్ళు కారినాయి.

ఆ పిల్ల చేతులకి గుడ్డ చుట్టుకుని నేల కడుగుతంది.

"లేవే," అన్నా. చీపురు లాక్కున్నా. ఇద్దరం గోడలు కడిగాం. పుల్లనీళ్ళతో కడిగాం. నారింజ తొక్కలు ఉడకబెట్టాం. బంతిపూలు నలిపి గోడకి రుద్దాం, నా చేతులు వారం దాకా పసుపచ్చగానే ఉన్నాయి. సాంబ్రాణి ఎంత పోశామంటే ఒకళ్ళ మొకం ఒకళ్ళకి కనబళ్ళా. పొగ పల్చబడగానే అడుగున మళ్ళా అదే కంపు. ఇల్లు ఊపిరి వదిలితే అదే వాసన.

"నా ఇంట్లో పెట్టుకో పళ్ళేలు," అన్నా.

"అమ్మ ఇక్కడ పోయింది పెద్దమ్మా. మీ ఇంటికి ఎందుకొచ్చిద్ది?"

నిజమే కదా. ప్రాణం పోయిన గుమ్మానికే వస్తారు. నాకు తెలియక అన్నానా? ఏదో ఒకటి అనాలి కదా అని అన్నా.

నా నాలుగు రొట్టెల్లో ఒకటి తెచ్చిచ్చా. ఆ ఇంట్లో కాసేపు పెట్టేసరికి దానికీ పట్టేసింది. అయినా అక్కడే ఉంచింది, వేరే ఏం పెట్టుద్ది?

మోలె మాత్రం తనే చేస్తానంది. ఆ చేతులతో మిరపకాయలు ఎట్టా నూరతావే, మంట పుట్టి చస్తావ్ అన్నా. వినలా. గుడ్డలు కట్టుకుని నూరింది. గుడ్డల్లోకి కారం దిగి పళ్ళు కొరుకుతా నూరింది. నేను నువ్వులు వేయించి పెట్టా. పెరట్లో, కంపుకి దూరంగా, రాళ్ళ పొయ్యి మీద వండింది. ఆ రోజు నా ముక్కు పనిచెయ్యటం మానేసింది, కూర ఎట్టా వచ్చిందో నాకు తెలవలా.

పెద్దోళ్ళొచ్చే వేళకి గంటలు మోగినాయి. వీధిలో ప్రతి గుమ్మం ముందూ బంతిపూల దారి. మా ఇంట్లో మా ఆయనకి పళ్ళెం పెట్టేసి నేను ఒబ్దూలియా దగ్గరికొచ్చా. మా ఆయన ఎదురు చూస్తాడులే, బతికున్నప్పుడు నేను చూళ్ళేదా.

ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. పందిరికి బిళ్ళ లేదు. కొవ్వొత్తులు వట్టి గోడ మీద వెలుగుతున్నాయి.

"పెద్దమ్మా, ఆమెకి కళ్ళు లేకపోతే?" అంది.

నేను పోయి పక్కన కూర్చున్నా.

"నా ఇల్లు వాసన పట్టే కదా గుర్తు ఆమెకి? పొయ్యి వాసన, నా జుట్టు వాసన, పెరట్లో సబ్బు వాసన. ఈ వాసనకి ఇది మన ఇల్లు కాదనుకుని పోయిద్ది."

"నీ పూసల కంపు ఆమె రోజూ పీల్చిందే కదే."

"అది వేరు. అప్పుడు ఎప్పుడూ మాడ్చలా."

భుజాన కప్పుకున్న శాలువా మొకానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తరవాత లేచి వీధిలోకొచ్చి పిలవటం మొదలుపెట్టింది. గట్టిగా పిలిచింది, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

"అమ్మా! ఇటమ్మా! మలుపు తిరిగి కుడిపక్క! కంపు కొట్టే ఇల్లే మనది! అటు పోవద్దు, కంపు కొట్టేదాంట్లోకే రా!"

వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. నేనూ పిలిచా. "క్రిస్పీనా! ఒసే, నేనే, చిక్కుడు గింజలు మాడ్చేదాన్ని! ఇటు రావే!" అన్నా. మెస్కాల్ తాగి పోతున్నోడొకడు, "వస్తన్నా, వస్తన్నా," అని బదులిచ్చాడు. చెప్పు చూపించా, పోయాడు. ఆ పిల్ల గొంతు పోయిందాకా పిలిచింది. గొంతు పోయినాక చేత్తో గుమ్మం చెక్క మీద కొడతా కూర్చుంది. గుడ్డోళ్ళకి చప్పుడన్నా అందుద్దని. ఆ చేత్తోనే.

కొవ్వొత్తి రెప్ప కూడా వెయ్యలా.

మర్నాడు మధ్యాన్నం గంటలు ఆగినాయి. అంటే వచ్చినోళ్ళు వెళ్ళిపోయినట్టు. ఇంక పళ్ళేలు దించి ఒకళ్ళింటికొకళ్ళు పంచుకోవాలి. మా ఇంట్లో మా ఆయన ముందు పెట్టిన మొక్కజొన్న పొట్లాలు తిని చూస్తే గడ్డి. ఉప్పు లేదు, కారం లేదు, ఏమీ లేదు. బాగా తిని పోయాడన్నమాట. చోనా పెనం మీద కాల్చిన ఆ వంకర రొట్టెని కూడా వాళ్ళాయన చప్పగా చేసి పోయాడంట. "వంకలు పెట్టుకుంటానే తిన్నాడు," అని చెప్పుకుని మురిసిపోతంది. రుఫీనా వాళ్ళ చెల్లెలింటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు కూడా అంతే, పిప్పి.

ఒబ్దూలియా ఇంటికి ముందు నేనే వెళ్ళా. కంపు అట్టానే ఉంది. కానీ ఆ కంపు నడుమలో నుంచి, గుమ్మంలోనే, ఇంకో వాసనొచ్చి తగిలింది నాకు. వేయించిన మిరపకాయ. నువ్వులు. చాక్లెట్. దాల్చిన చెక్క.

నా కాళ్ళు అక్కడే ఆగినాయి. వెనక్కి పోదామనుకున్నా. ఆ పిల్ల అప్పటికే గిన్నెలో వేసి తెచ్చింది.

తిన్నా. నేను పుట్టి బుద్ధెరిగిన కాడ నుంచి అట్టాంటి మోలె తినలా. కారం ముందొచ్చింది, దాని వెనక తీపి, తరవాత ఆ కాలిన మిరప గింజ చేదు సన్నగా. దేని జాగాలో అది. ఒక్క పిసరు ఎవరూ ముట్టుకోలా.

ఒబ్దూలియా నా నోటి వంకే చూస్తంది. గొంతు లేదు కదా, కళ్ళతోనే అడుగుతంది.

"చప్పగా ఉందే," అన్నా. "వట్టి గంజి. మీ అమ్మ ఆశపోతు, ఏమీ మిగల్చలా."

తల ఊపింది. ఈలోపు చోనా వచ్చింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నా మొకం చూసింది. దానికి తెలివి తక్కువ గానీ మరీ అంత తక్కువ కాదు. "అబ్బే, రుచీ పచీ లేదు," అంది. వెనకాలే ఇంకా కొందరొచ్చారు. "పాచి నీళ్ళు," అంది ఒకామె. "మట్టి," అంది ఇంకొకామె. అందరూ తిడతన్నారు. తిడతానే తింటన్నారు.

ఆఖరున రుఫీనా వచ్చింది. ఆ రోజు నుంచీ ఆ పిల్లతో మాట్లాళ్ళా. గుమ్మంలో నిలబడి గిన్నె తీసుకుంది. ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. కళ్ళు తిప్పుకుంది. దీని నోటికి అడ్డుండదు కదా అని నా భయం.

"ఇది కూరా, గిన్నెలు కడిగిన నీళ్ళా?" అంది రుఫీనా. "క్రిస్పీనా కుండ నాకి పోయినట్టుంది."

ఒబ్దూలియా అందరి మొకాలూ చూసింది. తరవాత కుండ దగ్గరికెళ్ళి, చుట్టిన గుడ్డలో నుంచి బయటికొచ్చిన ఒక వేలు కూరలో ముంచి, నోట్లో పెట్టుకుంది. ఆమె తింటదని ఎవరికీ తట్టలా. ఆపుదామన్నా ఎట్టా ఆపుతాం?

చప్పరించింది. కాసేపు వేలు నోట్లోనే ఉంచుకుంది.

"ఉప్పు కూడా సరిపోయింది," అంది. గొంతు గీసుకుపోయి సగమే వినబడింది.

రుఫీనా చేతిలో గిన్నె ఖాళీగా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలవక అట్టా పట్టుకునే ఉంది.

"ఒకసారి వచ్చి, ఇల్లు దొరక్క తిరిగిపోయినోళ్ళు, వచ్చే ఏడు మళ్ళా వస్తారా పెద్దమ్మా?"

నన్నే అడిగింది. మా పేటలో దేనికైనా నన్నే అడుగుతారు. పురుడుకీ నన్నే, జ్వరానికీ నన్నే, ఎవరి పొలం గట్టు ఎక్కడిదో కూడా నన్నే. ఇది ఎప్పుడూ ఎవరూ అడగలా. మా అమ్మ చెప్పలా, మా అమ్మమ్మ చెప్పలా. పాదిరిగారిని అడిగితే ఏదో చెప్తాడు, ఆయన మాట మీద కళ్ళొస్తాయనుకునే కదా ఇదంతా.

"తెలవదే," అన్నా.

ఆ పిల్ల గరిట తీసుకుని రుఫీనా గిన్నెలో మళ్ళా వేసింది. రుఫీనా వద్దనలా. నాకూ వేసింది, చోనాకీ వేసింది. గుమ్మంలో, నేల మీద, ఆ కంపులోనే కూర్చుని తిన్నాం. ఇంక ఎవరూ తిట్టలా. కుండ అడుగు కనబడిందాకా తిన్నాం. అంత రుచిగా ఉన్నదాన్ని ఏం చేస్తాం మరి.